ల్యాండ్‌లైన్ పోయింది సరే, అది మోసుకొచ్చిన కరెంటు బాధ్యత ఎవరిది?

ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ తీయించి ఫైబర్ మీద నడిచే ఫోను పెట్టించుకున్నవారూ, పెట్టించుకోబోతున్నవారూ, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్నవారూ ఈ పోస్టును ఓపికగా చివరిదాకా చదవాలని కోరుతున్నాను. నేను కొత్త పద్ధతులకు వ్యతిరేకిని కాను. మా అమ్మ ఇంట్లో ఫోను మార్పించింది నేనే, మార్చడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. అయితే పాత ఫోను మనం అడగకుండానే ఇన్నేళ్లూ ఇస్తూ వచ్చిన ఒక భరోసా ఈ మార్పుతో పోతుందనీ, ఆ సంగతి కనెక్షన్ ఇచ్చేవారు నోరు తెరిచి చెప్పరనీ నాకు తెలిసివచ్చేసరికి మా అమ్మ ఒక రాత్రంతా చీకట్లో కూర్చోవలసి వచ్చింది.

అమ్మ విశాఖపట్నం పెదవాల్తేరులో ఒక్కతే ఉంటుంది. వయసు 79. ఆ ఇంటికి టెలిఫోను 1988లో వచ్చింది, నాన్న దరఖాస్తు పెట్టిన ఆరేళ్లకు. ఫోను కోసం ఏళ్ల తరబడి జాబితాలో ఎదురుచూడడం అప్పట్లో మధ్యతరగతి ఇళ్లన్నింటికీ మామూలే. హాల్లో కిటికీ పక్కన టేకు స్టూలు, దాని మీద అమ్మ అల్లిన లేసు గుడ్డ, ఆ గుడ్డ మీద ఫోను, కింది అరలో నాన్న చేతిరాతతో ఉన్న నంబర్ల పుస్తకం. ఆ పుస్తకం మొదటి పేజీలో మా సొంత నంబరునే నాన్న రెండుసార్లు కొట్టేసి తిరగరాశారు. ఐదంకెల నంబరు ఆరంకెలైనప్పుడు ఒకసారి, ముందు 2 చేరి ఏడంకెలైనప్పుడు ఇంకొకసారి. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్లకు చేసేటప్పుడు ముందు సున్నా కలపాలని 2021 జనవరి 15 నుంచి నిబంధన వచ్చినప్పుడు, ఆ సున్నాను ఎర్ర సిరాతో ఒక్కొక్క నంబరు ముందూ చేర్చింది అమ్మే, ఎందుకంటే అప్పటికి నాన్న లేరు.

సముద్రానికి అంత దగ్గరగా ఉన్న పేటల్లో రాగి తీగకు ఉప్పు గాలే శత్రువు. స్తంభం మీది పెట్టెలో జాయింట్లకు చిలుము పడుతుంది, వాన కురవగానే అందులోకి తడి దిగుతుంది, ఫోను ఎత్తితే గరగరమని చప్పుడు తప్ప అవతలి మాట వినపడదు. 2024 వానాకాలంలో మా లైను నెలన్నర పాటు డెడ్ అయిపోయింది. చివరికి వచ్చిన లైన్‌మ్యాన్ నిచ్చెన దిగి, కత్తిరించి తెచ్చిన వేలెడు తీగ ముక్కను నా అరచేతిలో పెట్టాడు. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంది కాని, గోటితో చీల్చి చూస్తే లోపలి రాగి పచ్చటి పొడిగా రాలింది. "ఇది మార్చినా పక్కది పోతుందమ్మా, ఇక ఫైబర్ వేయించుకోవడమే మంచిది" అన్నాడు. అతను నిజమే చెప్పాడు, అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

వేరే సంస్థ వాళ్లు వచ్చి రెండు గంటల్లో ఫైబర్ తీగ లాగి, గోడకు ఒక తెల్ల పెట్టె బిగించి, అమ్మ పాత బటన్ ఫోనునే దాని వెనక గుచ్చి వెళ్లారు. మాట ఎంత స్పష్టంగా వినిపించిందో చెప్పలేను. పాత టెలిఫోను మన గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనిని మాత్రమే మోసుకెళ్లేది, అందుకే ఫోనులో స, శ, ఫ వంటి అక్షరాలు ఒకదానికొకటి కలిసిపోయి వినిపించేవి. కొత్త పద్ధతిలో గొంతును సాధారణంగా సెకనుకు యాభై ముక్కలుగా కోసి, అంకెలుగా మార్చి, పొట్లాలు కట్టి పంపుతారు. రెండు వైపులా సరైన పరికరాలు ఉంటే 7000 హెర్ట్జ్ వరకు ధ్వని అందుతుంది. అమ్మది పాత ఫోనే కాబట్టి ఆ పూర్తి లాభం మాకు దక్కలేదు కాని, గరగర పోవడమే మాకు పెద్ద వరంలా తోచింది. తప్పని నిరాశ ఒక్కటే. అటక మీద దాచిన నాన్న కాలపు గుండ్రటి డయలు ఫోనును సరదాగా తగిలించి చూస్తే రింగు వచ్చింది, మాటా వినిపించింది, డయలు తిప్పితే మాత్రం నంబరు వెళ్లలేదు. డయలు తిప్పినప్పుడు వచ్చే టకటకల లెక్కను ఈ కొత్త పెట్టెల్లో చాలావాటికి గుర్తించే శక్తి లేదట.

2025 మే నెలలో ఒక రాత్రి ఈదురుగాలులతో వాన కురిసి, పదకొండు దాటాక పెదవాల్తేరులో కరెంటు పోయింది. అమ్మకు షుగరు ఉంది. ఒళ్లంతా చెమట పట్టి కళ్లు తిరుగుతున్నట్టు అనిపించి, మధురవాడలో ఉన్న నాకు ఫోన్ చేద్దామని తడుముకుంటూ స్టూలు దగ్గరికి వెళ్లి రిసీవరు ఎత్తింది. డయల్ టోన్ లేదు. సరిగ్గా పెట్టలేదేమోనని కింద పెట్టి మళ్లీ ఎత్తింది, తీగ ఊడిందేమోనని గోడ దాకా వేళ్లతో తడిమి చూసింది. సెల్‌ఫోన్‌లో చార్జి అయిపోయి ఉంది. ఇంటి ఫోను ఉందన్న ధీమాతో ఆమె ఎప్పుడూ సెల్‌ఫోన్ చార్జింగ్ గురించి పట్టించుకునేది కాదు. వంటింట్లోకి వెళ్లి పంచదార డబ్బా తెచ్చుకుని, చెంచాతో తింటూ, తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు వచ్చేదాకా ఆ కుర్చీలోనే కూర్చుంది. ఉదయం నాకు చెప్పిన మాట ఇది: "ఫోను ఎత్తితే ఊపిరి లేదమ్మా. కరెంటు పోతే ఫోనుకేమవుతుంది, అదేమన్నా ఫ్యానా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ముప్ఫై ఆరేళ్ల అనుభవం ఆమెకు నేర్పింది అదే. పాత ఫోనుకు మన ఇంటి కరెంటుతో సంబంధం లేదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో వరుసగా పేర్చిన పెద్ద పెద్ద బ్యాటరీల నుంచి 48 వోల్టుల డీసీ కరెంటు అదే రాగి తీగ జంట మీదుగా ఇంటింటికీ వచ్చేది. మనం రిసీవరు ఎత్తగానే ఆ వలయం పూర్తయి, కరెంటు పారి, ఎక్స్‌ఛేంజి మనకు టోన్ పంపేది. బ్యాటరీలకు తోడు అక్కడ డీజిల్ జనరేటర్ ఉండేది, వాటిని చూసుకునే మనుషులు ఉండేవారు. అంటే ఊరంతా చీకటైనా మన చేతిలోని రిసీవరుకు ప్రాణం పోయడం సంస్థ పని. నెలనెలా మనం కట్టిన అద్దెలో ఆ బ్యాటరీల ఖర్చు కూడా ఉంది, దాన్ని ఎవరూ విడిగా చెప్పలేదు గనుక మనమూ విడిగా గుర్తించలేదు.

ఫైబర్ అంటే గాజు పోగు. దాని మీదుగా వెలుగు వస్తుంది, కరెంటు రాదు. ఆ వెలుగును తిరిగి మాటగా మార్చే పెట్టె మన గోడ మీద ఉంది, అది మన మీటరు నుంచి, మన ప్లగ్గు నుంచి నడుస్తుంది. వీధిలో కరెంటు పోగానే దాని దీపాలు ఆరిపోతాయి, దానికి తగిలించిన ఫోను బొమ్మలా మిగిలిపోతుంది. సంస్థ భుజాల మీద ఉన్న బరువు ఆ రోజు రెండు గంటల పనిలో మా అమ్మ భుజాల మీదకు మారింది. పెట్టె బిగించిన కుర్రవాడు వైఫై పాస్‌వర్డు చెప్పాడు, బిల్లు కట్టే యాప్ చూపించాడు, ఏ దీపం పచ్చగా వెలగాలో వివరించాడు. కరెంటు లేకపోతే ఫోను పనిచేయదన్న ఒక్క వాక్యం చెప్పలేదు. నేను సంతకం పెట్టిన కాగితాన్ని తర్వాత రెండుసార్లు చదివాను, అందులోనూ ఆ వాక్యం లేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఇది విశాఖపట్నం. ఇక్కడ ఈ సంగతిని చిన్నదిగా చూడలేము. 2014 అక్టోబరు 12న, ఆదివారం మధ్యాహ్నం, హుద్‌హుద్ తుఫాను నేరుగా మన నగరం మీదే తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచేయలేదు, పిల్లలు వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో ఉన్నవారు తల్లిదండ్రులు బతికి ఉన్నారో లేదో తెలియక తల్లడిల్లిపోయారు. మా వీధిలో టెలిఫోన్ కేబుల్ చాలా దూరం నేల కిందుగా వచ్చేది కాబట్టి, మా అదృష్టం కొద్దీ ఆ లైను తెగలేదు. సోమవారం పొద్దున్నుంచి ఇరుగుపొరుగు వాళ్లు మా వరండాలో వరుసగా నిలబడ్డారు. నాన్న గడియారం చూస్తూ ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఇచ్చారు. ఎదురింటి పెద్దాయన బెంగళూరులో ఉన్న కొడుకుతో "బాగానే ఉన్నాం, గోడ పడింది, మేం బాగానే ఉన్నాం" అని మూడుసార్లు చెప్పి, రిసీవరు పెట్టేసి, అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయారు. రాగి లైన్లన్నీ ఆ రోజు పనిచేశాయని నేను అనడం లేదు, చెట్లు కూలి తెగిపోయినవి ఎన్నో ఉన్నాయి. కాని తీగ తెగనంత వరకు ఫోను పలికేది. ఇప్పుడు తీగ క్షేమంగా ఉన్నా పలకదు.

దీనికి మందు లేదా అంటే ఉంది, అదీ పెద్ద ఖర్చు కాదు. అందుకే నా బాధ ఇంకా ఎక్కువ. ఆ తెల్ల పెట్టె చాలా ఇళ్లలో 12 వోల్టుల అడాప్టరుతో నడుస్తుంది, పది పన్నెండు వాట్లకు మించి తాగదు. అడాప్టరుకూ పెట్టెకూ మధ్య తగిలించే చిన్న యూపీఎస్‌లు, అంటే కరెంటు పోయినా కాసేపు నడిపించే బ్యాటరీ పెట్టెలు, బజారులో దొరుకుతున్నాయి. నేను పదిహేను వందల రూపాయలకు కొన్నాను. అరచేతిలో పట్టేంత ఉంది. పెట్టె వెనక రాసి ఉన్న వోల్టులూ ఆంపియర్లూ చూసి, వాటికి సరిపోయేదే తీసుకోవాలి. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవారు ఈ పెట్టె గుచ్చిన ప్లగ్గు ఇన్వర్టరు లైనులో ఉందో లేదో ఇవాళే చూసుకోవాలి, చాలా ఇళ్లలో ఫ్యాన్లూ లైట్లూ మాత్రమే ఆ లైనులో ఉంటాయి. సంస్థ కార్యాలయం నుంచి ఇంటి దాకా ఒకే ఫైబర్‌గా వచ్చే కనెక్షన్లలో మధ్యదారిలో వెలుగును పంచే పరికరాలకు కరెంటు అక్కర్లేదు, అందువల్ల మన పెట్టెకు బ్యాటరీ ఉంటే ఫోను నిజంగానే పనిచేస్తుంది. కాని కొన్నిచోట్ల వీధి చివర స్తంభం మీదో, ఎవరి మేడ మీదో స్విచ్ పెట్టె పెట్టి, అక్కడి నుంచి మామూలు కేబుల్ లాగుతారు. ఆ పెట్టెకు కరెంటు పోతే మన దగ్గర ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా ఉపయోగం లేదు. కనెక్షన్ తీసుకునే ముందే ఈ ప్రశ్న అడగండి.

అయినా ఇదంతా 79 ఏళ్ల మనిషి కనిపెట్టుకోవలసిన విషయమా? అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ 2015లోనే దీని మీద నిబంధన తెచ్చింది. కరెంటు పోతే పనిచేయని ఇంటి ఫోను అమ్మే సంస్థలు ఆ సంగతిని ముందే చెప్పాలి, కోరిన వినియోగదారులకు మొదట ఎనిమిది గంటలు, మూడేళ్ల తర్వాత ఇరవై నాలుగు గంటలు నిలిచే బ్యాటరీ ఏర్పాటును అమ్మకానికి ఉంచాలి అని 2025 దాకా అమల్లో ఉన్న ఆ నిబంధన చెప్పింది. బ్రిటన్‌లో ల్యాండ్‌లైన్ తప్ప వేరే ఆధారం లేనివారికి, కరెంటు పోయినా కనీసం ఒక గంటసేపు అత్యవసర సేవలకు ఫోన్ చేసుకునే ఏర్పాటును సంస్థే ఉచితంగా చేయాలి. అక్కడ పాత టెలిఫోన్ వ్యవస్థను 2025 డిసెంబరుకల్లా ఆపేయాలనుకుని, మెడలో వేసుకునే అత్యవసర బటన్ల మీద ఆధారపడిన వృద్ధుల భద్రత మీద ఆందోళన రేగాక, గడువును 2027 జనవరి చివరికి జరిపారు. మన దగ్గర 108కి ఫోన్ చేయవలసిన అవసరం కరెంటు ఉన్నప్పుడే వస్తుందని ఎవరైనా హామీ ఇవ్వగలరా? మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ విషయంలో ఒక చిన్న నిబంధన పెట్టాలని నా కోరిక: ఫోను సౌకర్యంతో ఫైబర్ కనెక్షన్ ఇచ్చే ప్రతి సంస్థా కరెంటు పోతే ఏమవుతుందో తెలుగులో రాసి ఇవ్వాలి, అరవై ఏళ్లు దాటినవారు ఒంటరిగా ఉండే ఇళ్లకు నాలుగు గంటల బ్యాటరీని కనెక్షన్‌తో పాటే ఇవ్వాలి.

ఇంకొక బాధ నంబరు గురించి. సెల్‌ఫోన్ నంబరును అట్టిపెట్టుకుని సంస్థ మారే వీలు దేశమంతటా 2011 జనవరి 20 నుంచి ఉంది. ల్యాండ్‌లైన్‌కు ఆ వీలు లేదు. సంస్థ మారినందుకు 36 ఏళ్ల నంబరును వదులుకున్నాము. నాన్న పుస్తకంలో ఆ నంబరు కింద మూడోసారి గీత గీసి కొత్తది రాసింది అమ్మ.

2025 అక్టోబరులో గూగుల్ మన నగరానికి భారీ డేటా సెంటర్‌ను ప్రకటించింది, దానితో పాటు సముద్రం అడుగు నుంచి అంతర్జాతీయ కేబుళ్లు కూడా ఇక్కడికి వస్తాయని చెప్పారు. నాకు నిజంగా సంతోషంగా ఉంది. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో చాలాచోట్ల కరెంటు తీగలు భూగర్భంలోకి వెళ్లాయి, అదీ మంచి పనే. ఇంత చేయగలిగిన చోట, పెదవాల్తేరులో ఒక ముసలమ్మ చేతిలోని రిసీవరు కరెంటు పోయినా పలికేలా చూడడం అసాధ్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడా వానలు ముంచెత్తాయి, అమ్మ ఉండే వీధిలో మూడు గంటలకు పైగా కరెంటు లేదు. నేను చేసిన మొదటి ఫోనుకే అమ్మ ఎత్తింది. ఈ చిన్న యూపీఎస్‌ల బ్యాటరీ రెండు మూడేళ్లలో నీరసిస్తుందని తెలిసి, నెలకోసారి వెళ్లినప్పుడు ప్లగ్గు తీసి, పెట్టె దీపాలు ఎంతసేపు వెలుగుతాయో గడియారం పెట్టి చూస్తున్నాను. కిందటి ఆదివారం నాలుగు గంటల పది నిమిషాలు నిలిచింది. ఆ అంకెను తేదీతో సహా నాన్న పుస్తకం ఆఖరి పేజీలో రాసిపెట్టాను.