మోనాలిసా నవ్వుకు పర్సంటేజీలా?

ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది. మోనాలిసా రహస్యం వీడిపోయిందట. ఆమె ముఖంలో 83 శాతం సంతోషం, 9 శాతం అసహ్యం, 6 శాతం భయం, 2 శాతం కోపం ఉన్నాయట. నల్లబట్టలు వేసుకుంది కాబట్టి బిడ్డ పోయిన దుఃఖంలో ఉందట. కనుబొమ్మలు గీయనిది ఆ దుఃఖం దాచడానికేనట.

అంకెలు ఎవరో పుట్టించినవి కావు. 2005లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ముఖకవళికలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌కి ఈ బొమ్మ చూపిస్తే వచ్చినవే. కాకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలిసినవి సంతోషం, కోపం లాంటి ఆరు డబ్బాలే. ఏ ముఖం ఇచ్చినా వాటిలోనే సర్దాలి. మొహమాటం, చిలిపితనం లాంటి వాటికి అక్కడ చోటు లేదు. సూక్ష్మమైన భావాలు దానికి అందవని ఆ పరిశోధకులే చెప్పారు. ఫార్వర్డ్ చేసినవాళ్లు ఆ ముక్క వదిలేశారు.

అసలు కొలుద్దామన్నా ఆ ముఖంలో గీత ఎక్కడుంది? మనిషి నవ్వుతున్నదీ లేనిదీ తెలిసేది పెదవి కొసల్లో, కనుకొలకుల్లో. ఈ బొమ్మ వేసిన లియొనార్డో డావిన్సీ సరిగ్గా అక్కడే అంచు చెరిపేసి నీడ పెట్టాడు. పలుచటి పూత మీద పూత వేశాడు. 2010లో ఎక్స్‌రేలతో చూస్తే ఆ పూతలన్నీ కలిపినా మందం సుమారు 40 మైక్రోమీటర్లు, అంటే వెంట్రుకలో సగం. వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలైందో చెప్పలేం. హార్వర్డ్‌లో చూపు మీద పరిశోధించే మార్గరెట్ లివింగ్‌స్టన్ 2000లో దీనికి ఒక కారణం చెప్పారు. ఇలాంటి మసక నీడల్ని మన ఓరచూపే బాగా పడుతుంది. అందుకే ఆమె కళ్లకేసి చూస్తున్నప్పుడు నవ్వు కనిపిస్తుంది, పెదవులకేసి చూడగానే జారిపోతుంది. పెద్ద ప్రింట్ దొరికితే చూడండి, నాకైతే ప్రతిసారీ జారిపోయింది. చూపు కదిలితే మారే నవ్వుకు 83 అని మార్కులెలా వేస్తారు?

ఇక నల్లబట్టల సంగతి. బొమ్మలో ఉన్నావిడ లీసా గెరార్దీని. ఆమెకు 1499లో ఒక కూతురు చనిపోయిన మాట నిజమే. కానీ బొమ్మ మొదలైంది 1503 ప్రాంతంలో. అప్పటికి 1502 డిసెంబరులో కొడుకు పుట్టాడు. పైగా ముదురు రంగు బట్టలు ఆ రోజుల్లో ఫ్లారెన్స్‌లో డబ్బున్నవాళ్ల ఫ్యాషన్. భర్త పట్టు వ్యాపారి, ఆయన ఇంట్లో ఇల్లాలు ఏం కట్టుకోవాలో వేరే చెప్పాలా! దిగులుగా కనిపించడానికి ఇంకో కారణం వార్నిష్. అది ముసలిదై పచ్చగా, గోధుమరంగుగా మారి బొమ్మంతా సాయంత్రం చేసేసింది. లియొనార్డో స్టూడియోలోనే తయారైన ఒక నకలు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. దాని నేపథ్యం మీద తర్వాతెవరో వేసిన నల్లరంగూ, పాత వార్నిషూ తీసేసి 2012లో ప్రదర్శిస్తే గౌనుకున్న ఎర్రటి చేతులు, వెనక నీలి కొండలు బయటపడ్డాయి. అదే మనిషి, అదే భంగిమ. దిగులు మాత్రం లేదు.

కనుబొమ్మలా? ఆ నకలులో శుభ్రంగా ఉన్నాయి.

ఆ నవ్వుకు ఆధారం కావాలంటే ఇంటిపేరులో వెతకొచ్చు. ఆమె భర్త ఫ్రాన్సెస్కో దెల్ జొకొండో. ఇటాలియన్‌లో ‘జొకొండా’ అంటే ఉల్లాసంగా ఉండే ఆడమనిషి. ఇటలీలో ఈ బొమ్మను పిలిచేదే ఆ పేరుతో. లియొనార్డోకి ఇలాంటి చమత్కారం కొత్త కాదు. అంతకుముందు జినెవ్రా అనే అమ్మాయిని గీసినప్పుడు ఆమె తల వెనక జునిపర్ చెట్టు పెట్టాడు. ఇటాలియన్‌లో దాని పేరు జినెప్రో.