గాజు పెట్టెలో బొమ్మిడాయిల పులుసు

మా తోడల్లుడు జపాన్ వెళ్ళొచ్చాడు. వెళ్ళినవాడు ఒక విసనకర్రో కీచైనో తెచ్చి ఊరుకుంటే నాకీ రాత పని తప్పేది. ఆయన ఏకంగా రైలు తెచ్చాడు, ఫోన్లో. పదకొండు వీడియోలు. మొన్న కావలిలో బంధువుల గృహప్రవేశానికి పోతే, విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి తుడుచుకునేలోపే నన్ను షామియానా కింద కుర్చీలో కూలేసి పదకొండూ చూపించాడు.

“చూడన్నా, రైలంటే ఇదీ. కిటికీ పక్కన సముద్రం. ముందర టేబులు. టేబులు మీద ఏ ఊరు దాటితే ఆ ఊరి తిండి. చెప్తుండా చూడు, మన నెల్లూరుకి ఇట్టాంటి రైలు ఒక్కటి పడిందంటే టూరిజం యాడికో పోద్ది!”

యాడికి పోద్దో చెప్పలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ టూరిజం యాడికో పోవడమే గాని మా వైపు వచ్చింది చూడలేదు.

న్యాయం మాట్లాడాలంటే ఆ రైలు మీద నాకు కోపం లేదు. దాని పేరు ఆరెంజ్ షొకుడో. నారింజ భోజనశాల అనుకోండి. జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలో సముద్రం ఒడ్డున నడుస్తుంది. 2004లో అక్కడికి బుల్లెట్ రైలు వచ్చింది. రాగానే పాత లైనులో 116.9 కిలోమీటర్ల ముక్కని పెద్ద రైల్వే కంపెనీ వదిలించుకుంది. దారిలో ఉన్న జిల్లాలూ ఊళ్ళూ తలా ఇంత వేసుకుని, చిన్న సంస్థ పెట్టి, ఆ ముక్కని బతికించుకున్నాయి. అందుకోసం పడ్డ పాట్లలో ఒకటి, 2013లో మొదలెట్టిన ఈ రెండు పెట్టెల తిండి రైలు. బుల్లెట్ రైలు అరగంటలో దాటేసే దూరాన్ని ఇది మూడు నాలుగు గంటలు లాగుతుంది. చిన్న చిన్న స్టేషన్లలో తీరిగ్గా ఆగుతుంది. దిగి, ప్లాట్‌ఫారం మీద ఊరివాళ్ళు పెట్టుకున్న సరుకు కొనుక్కుని మళ్ళీ ఎక్కొచ్చు.

పదకొండు వీడియోల్లోనూ మా తోడల్లుడికి గిన్నెలు కనపడ్డాయి. నాకు రైలు ఆగడం కనపడింది. చిన్న ఊళ్ళో, ఎవరూ ధర్నా చెయ్యకుండా, రైలు ఆగడం! ఆ ముక్క రెండోసారి వేయించుకుని మరీ చూశాను.

ఆయన అక్కడితో ఆగలేదు. స్విట్జర్లాండు గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ సంగతి ఎత్తుకున్నాడు. అది వచ్చే ఏడాది ప్రోగ్రామట. సెయింట్ మోరిట్జ్ నుంచి జెర్మాట్ దాకా సుమారు 8 గంటలు, 291 వంతెనలు, 91 సొరంగాలు. ప్రపంచంలోకెల్లా నెమ్మదైన ఎక్స్‌ప్రెస్ అని వాళ్ళే గొప్పగా చెప్పుకుంటారట. ఇక్కడ మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆల్ప్స్ కొండలెక్కుతూ నెమ్మదిగా పోవడం ఏం ఘనకార్యం? ఒక్క సొరంగం లేకుండా, ఒక్క గుట్ట ఎక్కకుండా, అరచెయ్యి లాంటి చదును నేల మీద అంతకు అంత నెమ్మది సాధించిన మా ప్యాసింజర్ బండి ముందు ఆ స్విట్జర్లాండు వాళ్ళు ఎంత? బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల పెద్ద షెడ్డు ఉన్న కాలం నుంచీ ఈ విద్య మా సొంతం. ప్రచారం చేసుకోవడం రాక వెనకబడ్డాం గాని.

సరే, తోడల్లుడి మాట తీసెయ్యలేం. ఆ రైలు మాకూ పడిందనే అనుకుందాం. పేరు ‘సింహపురి రుచుల విహారం’. నెల్లూరు నుంచి ఒంగోలుకి. పెట్టెకి గాజు కప్పు. ఒక్క టికెట్టు ధరతో మా వీధిలో ఒక ఇంటికి నెల కిరాణా వస్తుంది. ముహూర్తం రోహిణి కార్తెలో కుదిరింది.

గాజు కప్పంటే గుర్తొచ్చింది. 2017లో విశాఖ నుంచి అరకు పోయే బండికి అద్దాల పెట్టె తగిలించారు. బాగుంది. అక్కడ కొండలున్నాయి, సొరంగాలున్నాయి, నెత్తిన మబ్బుంది. ఇక్కడ మే నెల ఉంది. నెల్లూరు ఎండలో మనుషుల్ని వరసగా గాజు కింద కూర్చోబెట్టడాన్ని మా ఇళ్ళల్లో వడియాలు పెట్టడం అంటారు.

బండి కదిలింది. తెల్ల గ్లౌజుల కుర్రాడు సైకిలు చక్రమంత పళ్ళేలు తెచ్చి పెట్టాడు. పళ్ళెం నడిమధ్యన బొటనవేలంత బొమ్మిడాయి ముక్క. దాని పక్కన ఇడ్లీ గుంటలో అద్ది తిరగేసినట్టు మొలగొలుకుల అన్నం ఒక్క ముద్ద. ఆ పక్కన మూడు చుక్కలు పులుసు, చెప్పబోయి మానేసిన మాటలాగా. అమెరికా మనవడు టికెట్టు కొనిస్తే ఎక్కిన కోవూరు అవ్వ ఒకామె కళ్ళజోడు సవరించుకుని చూసింది.

“ఏంది అబ్బయ్యా, పళ్ళెంలో ఏందో ఒలికినట్టుంది. గుడ్డ ఉంటే ఇయ్యి, తుడుస్తా.”

“అది ఒలకలేదు మేడమ్, వడ్డించాం.”

కుర్రాడు మైకు తీసుకుని వివరం మొదలెట్టాడు. మట్టి దాకలో చేశామన్నాడు, మామిడికాయ ముక్కలేశామన్నాడు, నిన్న సాయంత్రం వండామన్నాడు. ఆ చివరి మాటకి హైదరాబాదు నుంచి వచ్చినాయన లేచి నిలబడ్డాడు. నిన్నటి కూరకి ఇంత రేటా, మేనేజర్ని పిలవమన్నాడు. మేనేజర్ వచ్చి క్షమాపణ చెప్పి, రేపటి నుంచి ఏ రోజుది ఆ రోజే వండిస్తామని రాసిచ్చాడు. చేపల పులుసు రాత్రంతా ఊరితే గాని పులుసు కాదని ఆ పెట్టెలో తెలిసింది అవ్వ ఒక్కదానికే. ఆమె ఫోర్కుతో యుద్ధంలో ఉంది. చెరువులో బతికున్న బొమ్మిడాయిని పట్టొచ్చు గాని, పళ్ళెంలో చచ్చినదాన్ని ఫోర్కుతో పట్టలేం.

“మీ ఎడమ వైపు, కుడి వైపు, పెన్నా నది,” అంది మైకు. అందరూ ఫోన్లు ఎత్తారు. పెన్నలో నీళ్ళుంటే నీళ్ళు కనపడతాయి, లేకపోతే ఇసుక, ఇసుక కూడా లేకపోతే లారీలు.

పడుగుపాడులో పట్టా మారినప్పుడు పెట్టె ఒక్క ఊపు ఊగింది. మూడు చుక్కల్లో రెండు హైదరాబాదు ఆయన చొక్కా మీదికి పోయాయి. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో వైన్ ఒలక్కుండా కాలు వంకరగా చేసిన గ్లాసులు ఉంటాయట. మనమూ పులుసు గిన్నెకి వంకర కాలు పెట్టించొచ్చు, మన బండి ఎటు ఊగుతుందో ముందే చెప్పగలిగినవాడు దొరికితే.

కొడవలూరు దాటాక బండిని లూప్‌లైన్‌లో పెట్టారు. వెనక వందే భారత్ వస్తోంది, దారివ్వాలి. ఒక పక్క రొయ్యల గుంటలు, గుంటల్లో గిరగిరా తిరిగే ఏరియేటర్లు. రెండో పక్క బొగ్గు గూడ్సు. యాభై ఎనిమిది వ్యాగన్లు. మైకు కాసేపు మాట్లాడలేదు. గూడ్సు పోయాక, నల్లబడ్డ గాజులోంచి చూస్తే పక్క పట్టా మీద మా ప్యాసింజర్ నిలబడి ఉంది, ఎప్పటి నుంచో. తలుపు దగ్గర గోనెసంచి మీద ఒకావిడ, ఒళ్ళో నాలుగు గిన్నెల క్యారేజీ.

అవ్వ అరిచింది. ఆవిడ వరసకి చెల్లెలు!

గాజులోంచి మాట వినపడదు గాబట్టి చేతులతోనే క్షేమ సమాచారాలు అయ్యాయి. ఏం కూర అని చెల్లెలు చెయ్యి తిప్పింది. అవ్వ పళ్ళెం ఎత్తి చూపించింది. చెల్లెలు ఎంతసేపు నవ్విందంటే పక్కన కూర్చున్నవాళ్ళూ లేచి చూసి నవ్వారు. నవ్వి, క్యారేజీలో పై గిన్నె మూత తీసింది. నిన్నటి పులుసు. ఆ రంగు చూశాక గాజు పెట్టెలో ఒక్కరు కూడా పళ్ళెం వైపు చూడలేదు. హైదరాబాదు ఆయన కిటికీ తెరవబోయాడు. తెరుచుకునే కిటికీ కాదది.

“అబ్బయ్యా, తలుపు తియ్యి. నేను మా చెల్లెలు కాడికి పోతా.”

“కుదరదు మేడమ్, ఈ రైలుకి ఇక్కడ హాల్టు లేదు.”

“ఆగే ఉంది గదయ్యా!”

“ఆగింది మేడమ్. హాల్టు లేదు.”

ఈ మాటలు రాయడానికి నాకు ఊహ అక్కర్లేదు. ఈ లైను మీద బతికేవాళ్ళందరికీ ఇవి తెలుసు. రైలు మన స్టేషన్లో సిగ్నలు కోసం ఇరవై నిమిషాలు నిలబడుతుంది, బొగ్గుకి దారిస్తుంది, వందే భారత్‌కి దారిస్తుంది, కడుపుతో ఉన్న పిల్ల ఎక్కడానికి మాత్రం ఆగదు. కోవిడ్‌లో బండ్లు ఆపారు. మళ్ళీ తిప్పినప్పుడు కొన్ని చిన్న ఊళ్ళ హాల్టులు దారి తప్పాయి. ప్యాసింజర్ బండికే ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని బోర్డు మార్చి, కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30 చేశారు. అవే పెట్టెలు, అదే నెమ్మది. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ 10కి దించారు. ఈ మధ్యలో మార్కెట్టుకి ఆకుకూరల మూట మోసిన ఆడమనిషి రోజూ మూడింతలు కట్టింది. ఆ డబ్బుకి ఏ గాజు కప్పు వేశారో అడగొద్దా? ముసలివాళ్ళ రాయితీ, ఆడవాళ్ళకి 50 శాతం, మగవాళ్ళకి 40 శాతం, 2020 మార్చిలో పోయింది. పోయింది పోయినట్టే ఉంది. క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని గోనెసంచి మీద కూర్చున్న ఆవిడ ఆ లెక్క కిందికే వస్తుంది.

ఆవిడ కనీసం రైల్లో ఉంది. నడికుడి–శ్రీకాళహస్తి లైను 2011-12 బడ్జెట్‌లో మంజూరైంది. 309 కిలోమీటర్లు. ఆ ఏడాది పుట్టిన పిల్లలకి నూనూగు మీసాలొస్తున్నాయి. పొదిలి, కనిగిరి, పామూరు వైపు అడగండి, రైలు ఎప్పుడొస్తుందని. ముక్కలు ముక్కలుగా పట్టాలు పడుతున్నాయి, ఫొటోలు పడుతున్నాయి. బెంగళూరుకి, హైదరాబాదుకి పనికి పోయే మనుషులు మాత్రం బస్సుల్లో మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని రాత్రికి రాత్రి పోతూనే ఉన్నారు. వీళ్ళ ముందుకొచ్చి టేబులు మీద పులుసు ఎట్టా వడ్డించాలని మాట్లాడేవాడికి సిగ్గుండొద్దూ? ఆ జపాన్ రైలుది, పోయే లైనుని ఊళ్ళన్నీ పట్టుకుని నిలబెట్టుకున్న కథ. మనవాడు అందులోంచి గిన్నె డిజైను ఏరుకొచ్చాడు!

ఈ మాటలన్నీ తోడల్లుడితో అన్నానా? అనలేదు. మా మరదలు పక్కనే ఉంది. పైగా ఆయన రైలెక్కి పాతికేళ్ళయింది. జపాన్‌లో తప్ప.

గృహప్రవేశం అయిన రెండో రోజు ఫోన్ చేశాడు. “అన్నా, నెల్లూరు వస్తుండావంట గదా. వదిన్ని అడిగి కొంచెం పులుసు పట్టుకొస్తావా? నిన్నటిదైతే మరీ మంచిది.”

మా ఆవిడ క్యారేజీ సర్దింది. పై గిన్నెలో పులిబొంగరాలు, కింద మూడింటిలోనూ పులుసు. కావలిలో ప్యాసింజర్ గంటన్నర లేటు. కూర్చోడానికి చోటు లేదు, కింద పెడితే ఎవరో ఒకరు తన్నేట్టున్నారు. నెల్లూరు దాకా ఆ క్యారేజీ నెత్తి మీదే పెట్టుకుని నిలబడ్డాను. పడుగుపాడులో బండి ఊగింది. ఒక్క చుక్క ఒలకలేదు.