బిల్లు అడిగినందుకు బర్తరఫ్

2025 మార్చిలో కుల్మాన్ ఘిసింగ్‌ను తీసేశారు. ప్రభుత్వ విద్యుత్ సంస్థ నేపాల్ ఎలక్ట్రిసిటీ అథారిటీకి ఎండీగా ఆయన పదవీకాలం ఆ ఆగస్టులో ఎలాగూ ముగిసేది. ఆ నాలుగున్నర నెలలు కూడా ఓపిక పట్టలేక అప్పటి ప్రధాని ఓలీ ప్రభుత్వం ఆ నెల 24, సోమవారం నాటి మంత్రివర్గ సమావేశంలో తీర్మానం చేసి మరీ ఆయన్ను ఇంటికి పంపింది. ఆ కుర్చీలోకి హితేంద్ర దేవ్ శాక్యను తెచ్చింది. కారణం ఏమిటంటే పనితీరు నివేదిక సరిగ్గా ఇవ్వలేదట, మంత్రి ఆదేశాలు వినలేదట, అడిగిన వివరణకు ఇచ్చిన జవాబు తృప్తిగా లేదట. కాగితం మీద ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ నేపాల్‌లో కరెంటు బిల్లు కట్టే ఏ ఇంటికెళ్లి అడిగినా ఇంకో కారణం చెబుతారు. ఏళ్ల తరబడి బాకీ పడ్డ పెద్ద ఫ్యాక్టరీలను ఆయన డబ్బు కట్టమన్నారు. కట్టని వాళ్లకు లైను కట్ చేయించారు. మేమూ ఆ కారణాన్నే నమ్ముతున్నాం.

కరెంటు కోతలంటే ఏమిటో తెలుగు పాఠకులకు వివరించనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రం చివరి ఏళ్లలో పవర్ హాలిడేలు చూశాం, అర్ధరాత్రి మోటార్ల కోసం పొలాల్లో కాపలా కాసిన రైతులను చూశాం. నేపాల్ అనుభవం దానికంటే ఘోరం. 2008-09 శీతాకాలంలో అక్కడ రోజుకు 16 గంటలకు పైగా కోత. ఏ పేటకు ఏ రోజు ఏ గంటలు కరెంటు ఉంటుందో టైమ్‌టేబుల్ వేసేవారు, జనం దాన్ని గోడకు అంటించుకుని బతికేవారు. 2016 సెప్టెంబర్‌లో ఘిసింగ్ బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది తిహార్ పండుగకల్లా, అంటే మన దీపావళి నాటికే, కాఠ్మాండు లోయలో కోతలు ఆగిపోయాయి. 2018 నాటికి పరిశ్రమలకూ ఆగిపోయాయి. అందులో మాయ ఏమీ లేదు. ఉన్న కరెంటును సరిగ్గా పంచారు, భారత్ నుంచి ఎక్కువగా కొన్నారు, ఏ ఫీడర్‌కు, అంటే ఏ ప్రాంతపు సరఫరా లైనుకు, ఎంత పోతోందో లెక్క చూశారు. ఆ లెక్క చూడటంలోనే అసలు కథ బయటపడింది.

ఇళ్లల్లో కొవ్వొత్తులు వెలుగుతున్న రోజుల్లో కొన్ని పరిశ్రమలకు మాత్రం ప్రత్యేక లైన్ల ద్వారా 24 గంటలూ కరెంటు పోతూ ఉండేది. డెడికేటెడ్ ఫీడర్లు, ట్రంక్ లైన్లు అని వాటికి పేరు. ఊరికే కాదు, మామూలు రేటు కంటే చాలా ఎక్కువ కట్టాలన్నది నిబంధన. కరెంటు వాడుకున్నారు. అదనపు రేటుతో బిల్లు వచ్చేసరికి మాకు సంబంధం లేదన్నారు. ఆ బకాయి వందల కోట్ల నేపాలీ రూపాయలు. వివాదం తేల్చడానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి గిరీశ్ చంద్ర లాల్ నేతృత్వంలో కమిషన్ వేశారు. కోతలు అమల్లో ఉన్న కాలానికి, ఆధారాలు ఉన్నంత మేరకు వసూలు చేయాల్సిందేనని ఆ కమిషన్ కూడా చెప్పింది. అయినా కట్టలేదు. 2024 తిహార్ ముందు అథారిటీ కొన్ని ఫ్యాక్టరీల లైన్లు కట్ చేసింది. కొద్ది రోజులకే ప్రభుత్వం కల్పించుకుని మళ్లీ కలపమంది. అప్పుడే ఈ కథ ఎటు పోతుందో అర్థమైంది.

పరిశ్రమల వాదన కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాం. ఏ గంటలో ఎంత వాడారో నమోదు చేసే మీటర్ లెక్క చూపించకుండా బిల్లు వేశారని, ఒప్పందం లేని కాలానికీ వడ్డించారని వాళ్లంటారు. లెక్క అడగడం న్యాయమే, చూపించాలి కూడా. ఘిసింగ్ బోర్డును లెక్కచేయరని, మీడియాలో తన బొమ్మ తానే పెంచుకున్నారని విమర్శలున్నాయి. ఉండొచ్చు. ఆయన దేవుడని మేము అనడం లేదు. కానీ మీటర్ లెక్కపై తగాదా ఉంటే దాన్ని తేల్చాల్సింది కోర్టు, విద్యుత్ నియంత్రణ కమిషన్. మంత్రివర్గం ఎండీ తల తీసి తేల్చే తగాదా కాదది.

ఇక్కడే మా అసలు భయం. రేపు అదే కుర్చీలో కూర్చునే అధికారికి ఈ ఉదంతం ఏం నేర్పుతుంది? లైన్ లాస్ తగ్గించు, చప్పట్లు కొడతాం. కోతలు ఆపు, పూలదండ వేస్తాం. పెద్దవాళ్ల బాకీ జోలికి మాత్రం పోకు. ఘిసింగ్ వచ్చినప్పుడు సరఫరాలోనే పోయే కరెంటు దాదాపు 26 శాతం, ఆయన్ను తీసేసే నాటికి 13 శాతం లోపు. నష్టాల్లో మునిగిన సంస్థ లాభాల్లోకి వచ్చింది. ఇవన్నీ చేసినన్నాళ్లూ ఆయనకు ఇబ్బంది రాలేదు. బిల్లు తీసుకుని పెద్ద గేటు ముందు నిలబడ్డాకే వచ్చింది. తర్వాత వచ్చే వాళ్లకు ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లే నేర్చుకుంటారు.

చిన్న వినియోగదారుడి సంగతి చూడండి. ఇంటి బిల్లు గడువు దాటితే జరిమానా పడుతుంది, ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే లైన్‌మ్యాన్ వచ్చి వైరు పీకేస్తాడు. ఆ వైరు మళ్లీ కలపమని ఏ ప్రధానీ ఫోన్ చేయడు. ఒకే సంస్థ, ఒకే చట్టం, కానీ రెండు రకాల గేట్లు.

ఈ తొలగింపులో ఇంకో వింత కూడా ఉంది. 2020లో ఘిసింగ్ మొదటి పదవీకాలం ముగిసినప్పుడు పొడిగించకుండా వదిలేసిందీ ఓలీ ప్రభుత్వమే. అప్పుడు ఆయన స్థానంలో వచ్చిందీ ఇదే శాక్య. 2021లో నేపాలీ కాంగ్రెస్ నేత దేవ్‌బా ప్రధాని అయ్యాక ఘిసింగ్‌ను తిరిగి తెచ్చారు. 2025లో తీసేసే నాటికి ఓలీ, కాంగ్రెస్ కలిసి ప్రభుత్వం నడుపుతున్నాయి. ఘిసింగ్‌కు వివరణ నోటీసుల మీద నోటీసులు ఇచ్చిన అప్పటి ఇంధన మంత్రి దీపక్ ఖడ్కా కాంగ్రెస్ మనిషే. 2021లో సమర్థుడని పిలిచి కూర్చోబెట్టిన పార్టీకి 2025లో అదే మనిషి అసమర్థుడు ఎలా అయ్యాడో కాంగ్రెస్ చెప్పాలి. శాక్య మీద మాకు పేచీ లేదు, ఆయన ఆ సంస్థ లోతుపాతులు తెలిసిన ఇంజినీరే. కానీ మొదటి రోజు నుంచే ఆయన టేబుల్ మీద ఆ బకాయిల ఫైలు ఉండేదే. దాన్ని తెరిస్తే ఏమవుతుందో ఆయనకూ తెలిసే ఉంటుంది.

ఇదంతా ఒక అధికారి ఉద్యోగం గొడవేగా, పొరుగు దేశం సంగతి మనకెందుకు అనుకునే వాళ్లకు రెండు మాటలు. నేపాల్ భవిష్యత్తు మొత్తం నీళ్ల మీద ఉంది. 1911లోనే ఫర్పింగ్‌లో 500 కిలోవాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టుకున్న దేశం అది. హిమాలయ నదుల్లో సుమారు 42 వేల మెగావాట్లు లాభసాటిగా తీయొచ్చని దశాబ్దాలుగా చెప్పుకుంటున్నారు. 2025 ఆరంభానికి తీసింది 3 వేల మెగావాట్లకు కాస్త పైన. 2035 నాటికి 28,500 మెగావాట్లు చేస్తామని ప్రభుత్వం కాగితం మీద రాసుకుంది. అంత పెట్టుబడి ఎవరు పెడతారు? ప్రైవేటు కంపెనీ ప్లాంటు కడితే దేశం లోపల ఆ కరెంటు కొనేది దాదాపు ఒక్కటే సంస్థ, ఈ అథారిటీయే. దాని జేబులో డబ్బుంటేనే కొనుగోలు ఒప్పందానికి విలువ. ఆ జేబులోకి రావాల్సిన డబ్బు అడిగినవాడినే తీసేస్తే, ఒప్పందం చేతిలో పట్టుకుని బ్యాంకుకు వెళ్లే కంపెనీకి మేనేజర్ ఏం చెబుతాడు?

ఆ పెట్టుబడిదారులంతా కోట్లకు పడగలెత్తిన వాళ్లని కూడా అనుకోవద్దు. దేశంలో అతి పెద్దదైన 456 మెగావాట్ల అప్పర్ తామాకోశి విదేశీ అప్పు లేకుండా కట్టింది. ఉద్యోగుల భవిష్యనిధి, స్థానిక దోలఖా జిల్లా జనం కొన్న షేర్లు, ఇలా చిన్న చిన్న మొత్తాలతో లేచింది. జలవిద్యుత్ కంపెనీల షేర్లు నేపాల్‌లో టీచర్లు, దుకాణదారులు కొనుక్కుంటారు. పబ్లిక్ ఇష్యూల్లో గల్ఫ్, మలేషియాల్లో చెమటోడుస్తున్న వలస కార్మికులకు ప్రత్యేకంగా వాటా కేటాయిస్తారు. నిజామాబాద్, కరీంనగర్ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వాళ్ల కుటుంబాలకు ఆ డబ్బు విలువ ఏమిటో బాగా తెలుసు. ఆ షేరు మీద డివిడెండు రావాలంటే అథారిటీ సకాలంలో చెల్లించాలి. అథారిటీ చెల్లించాలంటే ఫ్యాక్టరీ బిల్లు కట్టాలి. పెద్దల బాకీని వదిలేయడమంటే గల్ఫ్ కూలీ జేబులోంచి తీసి ఫ్యాక్టరీ యజమాని జేబులో పెట్టడమే.

పైగా నేపాల్ ప్లాంట్లలో చాలా భాగం నది ప్రవాహం మీదే నడిచేవి. పెద్ద జలాశయం అంటూ చెప్పుకోవడానికి కులేఖానీ ఒక్కటే. వర్షాకాలంలో కరెంటు మిగిలిపోతుంది, చలికాలంలో నదులు చిక్కిపోయి ఉత్పత్తి మూడో వంతుకు పడిపోతుంది, భారత్ దగ్గర కొనుక్కోవాల్సి వస్తుంది. 2024 సెప్టెంబర్ వరదలకు తామాకోశి మూతపడితే కష్టాలు ఇంకా పెరిగాయి. ఈ చలికాలపు లోటు తీరాలంటే జలాశయ ప్రాజెక్టులు కావాలి, వాటికి ఖర్చు మామూలుగా ఉండదు. అలాంటి 1,200 మెగావాట్ల బూఢీ గండకీ కథ చూడండి. 2017లో టెండర్ లేకుండా చైనా కంపెనీ గెజూబాకు ఇచ్చారు, అదే ఏడాది దేవ్‌బా ప్రభుత్వం రద్దు చేసింది, 2018లో ఓలీ ప్రభుత్వం మళ్లీ అదే కంపెనీకి ఇచ్చింది, 2022లో మళ్లీ రద్దు. అంతకుముందే, 2016లో, దాని పేరు చెప్పి పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు 5 నేపాలీ రూపాయలు వసూలు మొదలుపెట్టారు. బండి నడిపే వాడి దగ్గర డబ్బు ఎలా వసూలు చేయాలో ప్రభుత్వానికి బాగానే తెలుసన్నమాట.

మన జీఎంఆర్ చేతిలో ఉన్న 900 మెగావాట్ల అప్పర్ కర్నాలీ సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. 2014లో ఒప్పందమైంది, 2025 ఆరంభానికి కూడా రుణాలు కుదిరి పనులు మొదలయ్యే దశకే రాలేదు. అందులో తప్పంతా కాఠ్మాండుదే అనలేం. కొనేవాళ్లు కుదరడం, కోర్టు కేసులు, గడువుల పొడిగింపులు, అన్నీ కలిశాయి. కానీ ప్రభుత్వం మాట మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చన్న ప్రశ్న అలాంటి ప్రతి ప్రాజెక్టు వెంటా నడుస్తుంది. ఘిసింగ్‌ను తీసేసిన నిర్ణయంతో ఆ ప్రశ్న ఇంకాస్త బరువెక్కింది.

కరెంటు రంగాన్ని ఆధునికం చేస్తామని కూడా అదే ఓలీ ప్రభుత్వం చెప్పింది. 1992 నాటి చట్టాన్ని మార్చే బిల్లు అప్పట్లో పార్లమెంటులో నలుగుతూ ఉండేది. స్మార్ట్ మీటర్లు, అథారిటీని ముక్కలు చేయడం, ప్రైవేటు కంపెనీలకు కరెంటు వ్యాపారం చేసుకునే హక్కు, అన్నీ చర్చలో ఉండేవి. ఈ దారి మనం ముందే నడిచాం. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టింది. మరుసటి ఏడాది ఛార్జీలు పెంచితే బషీర్‌బాగ్‌లో కాల్పుల దాకా వెళ్లింది. ఇంత జరిగాక కూడా మన డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలకు) ప్రభుత్వ శాఖలు, ఎత్తిపోతల పథకాలు పడ్డ బాకీలు వేల కోట్లలోనే ఉన్నాయి. కాబట్టి మనం ఎవరికీ నీతులు చెప్పే స్థితిలో లేము, ఆ సంగతి మాకు తెలుసు. కానీ మన అనుభవం ఒకటి మాత్రం చెబుతోంది. కంపెనీని ఎన్ని ముక్కలు చేసినా, ఎంత ఖరీదైన మీటర్ పెట్టినా, పెద్ద బాకీదారును అడిగే దమ్ము లేకపోతే నష్టం పేరు మారుతుందే తప్ప పోదు.

భారత్‌కూ ఇందులో పని ఉంది. పదేళ్లలో 10 వేల మెగావాట్లు కొంటామని 2024 జనవరిలో ఢిల్లీ ఒప్పందం చేసుకుంది. మన లైన్ల మీదుగా బంగ్లాదేశ్‌కు 40 మెగావాట్లు పంపే త్రైపాక్షిక ఒప్పందమూ అయింది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో నేపాల్ కొన్న కరెంటు కంటే అమ్మిందే కాస్త ఎక్కువ. చైనా చేయి పడిన ప్లాంటు కరెంటు మాకొద్దని ఢిల్లీ పెట్టిన షరతు నేపాలీ కంపెనీలకు ఎంత ఇబ్బందో వేరే చెప్పుకుందాం. అమ్ముడుపోయేంత కరెంటు తయారు చేసుకునే దశకు ఆ దేశం వచ్చిన వేళ, ఆ దశకు తెచ్చిన మనిషిని బిల్లు తగాదాలో బయటకు తోశారన్నదే అసలు విషయం.

ఓలీ గారూ, అప్పుడు మీ ప్రభుత్వం చెప్పినట్టు అది కేవలం పనితీరు సంగతే అయితే నిరూపించడం చాలా తేలికగా ఉండేది. బకాయి పడ్డ కంపెనీల జాబితాను ఎవరెంత అన్న లెక్కతో సహా ప్రజల ముందు పెట్టాల్సింది. లాల్ కమిషన్ చెప్పిన మేరకు వసూలుకు గడువు తేదీ ప్రకటించాల్సింది. ఆ గడువు దాటితే లైను కట్ చేసే అధికారం కొత్త ఎండీకి ఉందని రాతపూర్వకంగా చెప్పాల్సింది, ఈసారి మళ్లీ కలపమని చెప్పబోమని కూడా అందులోనే రాయాల్సింది. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, పార్లమెంటు అక్కర్లేదు. ఆ సోమవారం ఒక మనిషిని తీసేయడానికి పట్టినంత సమయం సరిపోయేది. అది కూడా చేయలేని ఏ ప్రభుత్వానికైనా, చీకట్లో కొవ్వొత్తి పెట్టుకుని కూడా బిల్లు కట్టిన ఇళ్ల ముందు నిలబడి, వాళ్ల దగ్గర ఛార్జీలు పెంచే నోరు ఉండదు.