పురుగు అలవాటు పడలేదు

ఆదోని యార్డుకు పత్తి తెచ్చే రైతును గులాబీ రంగు పురుగు గురించి అడగండి. ‘బీటీకి అలవాటు పడిపోయింది సార్’ అంటాడు. బీటీ అంటే పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే పత్తి. పురుగుమందుల దుకాణంలోనూ అదే మాట. ఆ మాట తప్పు. ఆ తప్పు మన రైతుల నడ్డి విరిచింది.

జీవపరిణామాన్ని ఎవరు చూశారని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. కర్నూలు జిల్లాలో పత్తి వేసిన ప్రతి రైతూ చూశాడు. పైకి నిగనిగలాడే కాయను గోటితో విప్పితే లోపల గింజ గుల్ల, దూది పచ్చబడి ముద్దకట్టి ఉంటుంది. బీటీ వచ్చిన 2002లో ఇదే పురుగు ఇదే కాయ కొరికి చచ్చేది. గుజరాత్‌లో అది బీటీని తట్టుకుంటోందని 2010లో బయటపడింది. 2006లో వచ్చిన రెండు విషాల బీజీ-2 పత్తి కూడా ఆ తర్వాత కొన్నేళ్లకే దాని ముందు ఓడిపోయింది.

అసలు జరిగిందేమిటి? బీటీ విషం పురుగు పేగు గోడ మీది ఒక ప్రోటీన్‌కు అతుక్కుని పేగును చిల్లులు చేస్తుంది. ఎక్కడో ఒకటి రెండు పురుగులకు ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో పుట్టుకతోనే తేడా ఉంటుంది. వాటికి మొదటి బీటీ విషం అతుక్కోదు. కెడెరిన్ అనే ఆ జన్యువులో ఇలాంటి తేడాలను మన దేశపు గులాబీ పురుగుల్లోనే గుర్తించారు. మిగతావన్నీ చచ్చాయి, ఇవి బతికాయి, పిల్లల్ని కన్నాయి. నెలకో తరం. ఏ పురుగూ దేనికీ అలవాటు పడలేదు. ఆ తేడా లేనివి చచ్చిపోయాయి, అంతే. 1859లో డార్విన్ చెప్పిన ప్రకృతి ఎంపిక ఇదే.

మాట తేడాతో ఏమొస్తుందంటారా? అలవాటు పడిందనుకుంటే ఇంకా ఘాటైన మందు కొట్టాలనిపిస్తుంది. ఎంపిక జరిగిందని తెలిస్తే లొంగే పురుగుల్ని కొన్ని బతకనివ్వాలని అర్థమవుతుంది. తట్టుకునే రెక్కల పురుగు లొంగేదానితో జతకడితే, పుట్టే పిల్లలు చాలావరకు విషానికి లొంగుతాయి. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చింది ఇందుకే. చేను చుట్టూ ఐదు వరుసలు గానీ, విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత వేయమన్నారు. మా చిన్నాయన ఆ పొట్లాన్ని గట్టు మీద పారేశాడు. ‘పురుగుకు మనమే మేత పెట్టల్లనా?’ అన్నాడు. ఎందుకో చెప్పకుండా చేతిలో పెడితే ఎవరైనా పారేస్తారు. అరిజోనా రైతులు మామూలు పత్తి వరుసలు వేసి ఏళ్ల తరబడి బీటీని కాపాడుకున్నారు, తర్వాత పిల్లలు పుట్టని వంధ్య పురుగుల్ని వదిలారు. 2018లో అమెరికా ఆ పురుగును తుడిచిపెట్టినట్టు ప్రకటించింది.

పురుగు పురుగుగానే ఉంది, పక్షి కాలేదు కదా అని వాదించేవాళ్లకు కావలసింది కాలం. అదీ మన సీమలోనే దొరుకుతుంది. కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్లలో దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లున్నాయి, ఎముక అన్నది లేదు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వితే ఖడ్గమృగం ఎముకలు బయటపడ్డాయి. దానికి కర్నూలు పేరే పెట్టారు. పాత రాళ్లలో సూక్ష్మజీవులే, ఎంతో తర్వాతి పొరల్లోనే ఎముకలు. ఈ క్రమం ఎక్కడ తవ్వినా తిరగబడలేదు.

ఇంత కళ్లెదుటి సత్యాన్ని, జీవపరిణామ పాఠాన్ని, కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2023లో పదో తరగతి పుస్తకం నుంచి తీసేసింది. భారం తగ్గించామన్నారు, పన్నెండులో ఉంది కదా అన్నారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దని బహిరంగ లేఖ రాశారు. పన్నెండులో జీవశాస్త్రం చదివేది ఎందరు? పదితో ఆగి పత్తి చేలోకి దిగే పిల్లకు ఆ పాఠం ఇక జన్మలో దొరకదు. అందరికంటే దాని అవసరం ఉన్నది ఆ పిల్లకే.

నా కోపం పుస్తకం దగ్గర ఆగదు. మన రైతుకు ఏం చేయాలో చెప్పేవాళ్లు వందమంది ఉన్నారు, ఎందుకు చేయాలో చెప్పేవాడు లేడు. చెబితే అర్థం కాదనే చులకన భావం విత్తన కంపెనీల్లోనూ ఉంది, ప్రభుత్వంలోనూ ఉంది. పోయినేడు చిన్నాయనకు నేనీ పేగు సంగతంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, ‘అట్లైతే పత్తికాయ తినే ఆ పచ్చపురుగు ఇంకా బీటీకి చస్తాంది కదా, అదెట్ల?’ అన్నాడు. నేను నోరు తెరిచేలోపు తానే, ‘దానికి కంది ఉంది, శనగ ఉంది. ఆడ మందు లేని తిండి తిని బతికినవి ఈటితో కలుస్తాయి. ఈ గులాబీ పురుగుకు పత్తి తప్ప ఇంకోటి లేదు’ అన్నాడు. శాస్త్రవేత్తలు ఇచ్చే జవాబూ అదే. తర్వాత ఆ గట్టు వైపు చూసి, ‘ఈ మాట పొట్లం ఇచ్చిన్నాడే చెప్పింటే వేసేటోన్ని కదా’ అన్నాడు.