పాము పిల్లకున్నపాటి మర్యాద

బెంగళూరులో మనిషిగా బతికితే దక్కని మర్యాద పాము పిల్లగా పుడితే దక్కుతుంది. కాదనేవాళ్లను ఒకసారి మా పై అంతస్తుకు పంపండి.

లిఫ్టులో తెలుగు తప్ప మరో భాష వినబడని అపార్ట్‌మెంట్లు మారతహళ్లి సందుల్లో చాలా ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. సరిగ్గా మా నెత్తిన ఉన్న ఫ్లాటులో ఒంగోలు వైపు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువ పిల్లను పెంచుతున్నాడు. పేరు చిట్టి. వాళ్ల పూర్వీకులది పశ్చిమ ఆఫ్రికా. విషం లేదు, కోపం కన్నా భయం ఎక్కువ. భయమేస్తే తలను మధ్యలో దాచుకుని ఉండ చుట్టుకుపోతుంది. అది చేతికి మాలిమి కావడానికి ఆ కుర్రాడు పాటిస్తున్న నియమాలు విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. భయంతో కాదు, అసూయతో.

చిట్టి వచ్చిన కొత్తలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కొత్త చోటు, కొత్త వాసనలు కదా, కనీసం వారం రోజులు దాని మానాన దాన్ని వదిలేయాలట. రెండు మూడు సార్లు నిశ్చింతగా తిండి తిన్నాకే చెయ్యి పెట్టాలట. పెట్టెలో ఒక పక్క 32 డిగ్రీల వెచ్చదనం, రెండో పక్క అంతకన్నా చల్లన, రెండు వైపులా దాక్కోవడానికి ఒక్కో గూడు. ఎటు పోవాలో దాని ఇష్టం. అదే మన ఇళ్లకు వచ్చే కొత్త కోడలిని తలుచుకోండి. కుడికాలు లోపల పెట్టిన గంటలోపే నగలు ఎన్ని తులాలో తేల్చేవాళ్లు, వంట వచ్చా అని అడిగేవాళ్లు, "మా వాడికి కాఫీలో పంచదార తక్కువమ్మా" అని బాధ్యత అప్పగించేవాళ్లు హాల్లో బారులు తీరి ఉంటారు. దాక్కునే గూడు సంగతి దేవుడెరుగు, బాత్‌రూములోకి వెళ్లి తలుపు వేసుకున్నా "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా" అని బయటి నుంచి పలకరింపు.

నన్ను బాగా కదిలించింది మాత్రం 48 గంటల సూత్రం. తిండి తిన్న పామును రెండు రోజుల దాకా ఎత్తుకోకూడదు. ఎత్తుకుంటే మింగింది కక్కేస్తుంది. పిల్ల పాముకు అది చిన్న సంగతి కాదు. కడుపు మళ్లీ కుదుటపడేదాకా పది రోజులకు పైగా తిండి పెట్టకుండా ఆగాల్సి వస్తుంది. అందుకని చిట్టి భోంచేసిన రోజున పెట్టె మీద పసుపు కాగితం అంటిస్తారు. పనిమనిషి సైతం ఆ కాగితం చూసి చీపురు చప్పుడు కాకుండా ఊడుస్తుంది.

మన పిల్లల పొట్టకు ఇలాంటి కాగితం ఎవరైనా అంటించారా? ఆదివారం మధ్యాహ్నం పప్పూ నెయ్యీ కలిపి చివరి ముద్ద కుక్కీ కుక్కకముందే పెదనాన్న వస్తాడు. రావడమే తరువాయి, పిల్లాడిని గాల్లోకి ఎగరేస్తాడు. ఆయన చొక్కా మీదకి పప్పన్నం వచ్చేస్తే పిల్లాడిదే తప్పు. కాస్త పెద్ద పిల్లలైతే తిన్న వెంటనే హాల్లో నిలబడి అంకుల్‌కు పద్యం చెప్పాలి, ఆంటీకి డ్యాన్సు చేసి చూపించాలి. కక్కరు కాబట్టి సరిపోయింది, లేకపోతే మన బంధువర్గంలో సగం మంది చొక్కాలు మార్చుకోవడంతోనే బతుకు వెళ్లదీయాలి.

ఇంకో సూత్రం ఉంది. పాము మీదకి పైనుంచి చెయ్యి దించకూడదు. అడవిలో దానికి పైనుంచి వచ్చేది గద్ద. అందుకే పక్కనుంచి, కింది ఎత్తులో, తాపీగా చెయ్యి చాపాలి. మా ఆఫీసులో మేనేజరు వచ్చి కుర్చీ వెనకాల నిలబడి, నెత్తి మీదుగా వంగి స్క్రీను చూస్తాడు. అప్పుడు నేనూ తల మధ్యలో దాచుకుని ఉండ చుట్టుకుంటే మానవ వనరుల శాఖ వాళ్లు ఏమంటారో కనుక్కోవాలి.

కుబుసం విడిచే రోజుల్లో పాము కళ్లు నీలంగా మసకబారతాయి. సరిగ్గా కనబడదు, చిరాకుగా ఉంటుంది. అప్పుడూ ముట్టుకోరు. మనకు అలాంటి రోజులు వస్తే "ఒక టాబ్లెట్ వేసుకుని కాల్‌లో చేరు" అంటారు.

ఇదంతా చెప్పుడు మాటల మీద రాస్తున్నానని అనుకోకండి. ఒక సాయంత్రం ఆ కుర్రాడే పిలిచి చూపించాడు. ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు, చేతికి ఎలుక వాసన ఉంటే పాము దాన్ని తిండి అనుకుంటుందట. తర్వాత చుట్టిన కాగితంతో దాని ఒంటిని మెల్లిగా తాకాడు. తలుపు తీసిన ప్రతిసారీ భోజనం రాదని, ఇప్పుడు వచ్చేది చెయ్యేనని ముందుగా కబురు పెట్టడం అన్నమాట. చిట్టి మెడ వెనక్కి లాగి మెలి తిప్పింది. వాడు చెయ్యి ఎక్కడిదక్కడ ఆపేశాడు. కాసేపటికి నల్లటి సన్నని నాలుక రెండుసార్లు బయటికి వచ్చి గాలిని రుచి చూసింది. మెడ సడలింది. అప్పుడు పొట్ట కింద నుంచి అరచెయ్యి జొనిపి లేపాడు. చూస్తే వంద గ్రాములు కూడా ఉండదు. పై పెదవి అంచున వరసగా చిన్న చిన్న గుంటలు, వేడిని పసిగట్టేవి అవేనట. వేళ్ల సందుల్లోంచి పాకుతూ పోతోంది, వాడు ఒక చేతి ముందు ఇంకో చెయ్యి పెడుతూ పోతున్నాడు.

"పట్టుకోకూడదు అంకుల్, అది పోయే దారిలో చెయ్యి ఉంచాలి, అంతే" అన్నాడు.

పది నిమిషాలకు ఫోన్లో అలారం మోగింది. పామును పెట్టెలో దించి, మళ్లీ చేతులు కడుక్కున్నాడు. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, కడుపు పాడుచేసే బాక్టీరియా ఉండొచ్చు కాబట్టి అది మన కోసం.

"ఎప్పుడైనా కరిచిందా?" అని అడిగాను.

"ఒకసారి కరిచింది. తప్పు నాదే. చెయ్యి లాగేస్తే దాని పళ్లు విరుగుతాయి, వెనక్కి వంగి ఉంటాయి కదా. కదలకుండా ఉన్నాను, అదే వదిలేసింది."

ఈ మాట అన్నది ఎవరో గుర్తుంచుకోండి. పార్కింగులో తన గీత మీద అర అడుగు చక్రం పెట్టాడని 302 వాళ్ల మీద అసోసియేషన్ గ్రూపులో వారం రోజులు యుద్ధం చేసిన మహానుభావుడు ఈయనే.

ఇంత చేస్తే పాముకు మన మీద ప్రేమ పుడుతుందా అంటే, పుట్టదట. ఈ చెయ్యి వల్ల ప్రమాదం లేదని అలవాటు పడుతుంది, అక్కడితో సరి. బంధువుల దగ్గర ఈ మాత్రం దొరికినా నేను సంతకం పెట్టడానికి సిద్ధం.

కార్తీకంలో కుర్రాడి తల్లిగారు ఊరి నుంచి వచ్చారు. నాగుల చవితికి చిమ్మిలీ చలిమిడీ చేసి, గ్లాసులో పాలు పట్టుకుని, పుట్ట ఎక్కడుందని వాకబు చేశారు. ఈ ఊళ్లో పుట్ట ఉన్న చోటల్లా ఇప్పుడు టవర్ లేచింది కాబట్టి రావిచెట్టు కట్ట మీది రాతి నాగుల దగ్గరికి పంపించాం. తిరిగొచ్చి మిగిలిన పాలు చిట్టికి పోయబోయారు.

"అమ్మా, పాములు పాలు తాగవే. వాటికి అరగవు."

"తాగకపోతే ఇన్నేళ్లూ మనం పోసినవన్నీ ఏమయ్యాయిరా?"

వాడి దగ్గర సమాధానం లేదు. నా దగ్గరా లేదు. చిట్టి ఏం తింటుందో ఆవిడకు ఫ్రీజరు తెరిచినప్పుడు తెలిసింది. కార్తీక మాసంలో గడ్డకట్టిన ఎలుకలున్న ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టనన్నారు. మర్నాటికల్లా వేరే చిన్న ఫ్రిజ్ వచ్చింది. అక్కడి నుంచి ఆవిడే నియమాలకు పెద్ద కాపలా. పెట్టె ఉన్న గదిలో మునివేళ్ల మీద నడుస్తారు. "పడుకుందేమో పాపం" అని తలుపు ఓరగా వేస్తారు. వేసి, నేరుగా కొడుకు గదిలోకి వెళ్లి, రాత్రి డ్యూటీ చేసి తెల్లారుజామున పడుకున్న వాడి ఫ్యాను కట్టేసి, దుప్పటి లాగి, "లేరా, గుంటూరు సంబంధం వాళ్లు ఫోటో పంపారు" అంటారు.

కాగితాల విషయంలోనూ చిట్టిదే పైచేయి. బాల్ పైథాన్లు సైటీస్ (అడవి జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి ఇలాంటి జీవులను నాలుగో షెడ్యూలులో చేర్చారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అది పిల్లల్ని పెట్టినా, చనిపోయినా, ఇంకొకరి చేతికి మారినా ప్రభుత్వానికి చెప్పాలి. నేను ఈ ఊరికి వచ్చి, పది నెలల అడ్వాన్సు కట్టి, పదకొండు నెలల ఒప్పందాలు మారుస్తూ ఇన్ని ఇళ్లు తిరిగితే ఏ ప్రభుత్వమూ ఎక్కడున్నావని అడగలేదు. అలాగని పాములన్నింటికీ ఈ వైభోగం లేదు. బ్యాంకాక్ విమానంలో ఎవరి సూట్‌కేసులోనో నలిగి వచ్చి, చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో కస్టమ్స్ వాళ్లకు దొరికే పిల్లలు ఇవే జాతివి. మన నాగుపామును, జెర్రిపోతును, కొండచిలువను ఇంట్లో పెట్టుకోవడమే నేరం. రెండు తలల పాము ఇంట్లో ఉంటే లక్ష్మీదేవి వస్తుందని లక్షలు పోసేవాళ్లూ ఉన్నారు. వాళ్లింటికి వచ్చేది అటవీశాఖ.

ఇన్ని ఆలోచించే నేను అసోసియేషన్‌కు ఒక ముసాయిదా సమర్పించాను. వాళ్లు పామును ఖాళీ చేయించాలని తీర్మానం రాసుకున్నారు. నేను దాన్ని ఉండనిచ్చి, దాని నియమావళిని ఈ ప్రాంగణంలోని మనుషులందరికీ వర్తింపజేయాలన్నాను. "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కాస్త సర్దుకోండి) అన్న కన్నడ మాట మీద నడిచే ఊళ్లో ఎవరినీ అడ్జస్ట్ కమ్మని అడగని నియమావళి ఇది ఒక్కటే అని వివరణ కూడా జత చేశాను.

సెక్రటరీగారు కళ్లజోడు సవరించుకుని మొత్తం శ్రద్ధగా చదివారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లను వారం రోజులు విసిగించకూడదన్న దానికి తలూపారు. వెనకనుంచి, పైనుంచి మాట్లాడకూడదన్న దానికీ అభ్యంతరం లేదన్నారు. భోజనం చేసినవాళ్లను 48 గంటలు కదిలించకూడదన్న దగ్గర ఆగిపోయారు.

"మరి బిర్యానీ పెట్టకుండా మన జనరల్ బాడీకి కోరం ఎట్లా వస్తుందండీ?"