ఆరతి సాహా వెనుక ఒక క్లబ్బు ఉంది: ప్రచారంలో ఉన్న సందేశానికి ఖండన

ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య ఉన్న జలసంధి ఇంగ్లిష్ ఛానెల్‌ను ఈదిన ఆరతి సాహా గురించి వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతోంది. ఆమె పుట్టినరోజైన సెప్టెంబరు 24 దగ్గరపడిందంటే చాలు, మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. దాని సారాంశం ఇది: కలకత్తాకు చెందిన ఈ అమ్మాయి గురువు గానీ క్లబ్బు గానీ లేకుండా గంగలో తనంతట తానే ఈత నేర్చుకుంది, 12వ ఏట ఒలింపిక్స్‌కు వెళ్ళిన తొలి భారతీయ మహిళ అయింది, మొదటి ప్రయత్నంలోనే ఛానెల్‌ను ఈది, ఆ ఘనత సాధించిన తొలి ఆసియా వ్యక్తిగా నిలిచింది, ఇందుకు ప్రభుత్వం పైసా కూడా ఇవ్వలేదు. రాసినవారికి ఆమె మీద అభిమానమే ఉండవచ్చు. అయినా ఇందులోని ప్రతి మాటా సరిదిద్దవలసిందే. ముఖ్యంగా మొదటి మాట చేసే అన్యాయం చిన్నది కాదు.

గంగలో నేర్చుకున్నారన్న మాటలో కొంత నిజముంది. రెండున్నరేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకుని నాయనమ్మ దగ్గర పెరిగిన ఆరతి, నాలుగేళ్ళప్పుడు స్నానానికి వెళ్ళే బాబాయితో పాటు చంపాతలా ఘాట్‌కు వెళ్ళి, అక్కడే నీళ్ళకు అలవాటు పడ్డారు. సందేశం అక్కడితో ఆగిపోతుంది; అసలు కథ ఆ తరువాతే మొదలవుతుంది. కూతురి ఉత్సాహాన్ని గమనించిన తండ్రి పాంచుగోపాల్ సాహా ఆమెను ఉత్తర కలకత్తాలోని హాట్‌ఖోలా స్విమ్మింగ్ క్లబ్బులో చేర్పించారు. 1946లో, ఇంకా ఆరేళ్ళయినా నిండకముందే, శైలేంద్ర స్మారక ఈత పోటీల్లో 110 గజాల ఫ్రీస్టైల్‌లో ఆమె బంగారు పతకం గెలిచారు. ఆమెకు శిక్షణ ఇచ్చిన సచిన్ నాగ్ సామాన్యుడు కాదు. 1947లో కలకత్తా అల్లర్ల సమయంలో కాలికి తుపాకీ గుండు తగిలి నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి కూడా, ఆ మరుసటి ఏడాదే లండన్ ఒలింపిక్స్‌లో ఈదినవాడు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచి, ఆ క్రీడల్లో భారతదేశానికి మొట్టమొదటి స్వర్ణం తెచ్చినవాడు. అలాంటి మనిషి దగ్గర నేర్చుకున్న పిల్లకు గురువే లేడని రాయడం ఏ విధంగా న్యాయం?

ఈత తెలిసినవారు ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. ఆరతి పేరు తెచ్చుకున్నది బ్రెస్ట్‌స్ట్రోక్‌లో. ఆ పద్ధతిలో రెండు చేతులూ ఒకేసారి కదలాలి, కాళ్ళూ అంతే. మలుపు దగ్గర రెండు చేతులతోనూ ఒక్కసారే గోడను తాకాలి, లేకపోతే పోటీ నుంచి తప్పిస్తారు. నదిలో తాకడానికి గోడ ఎక్కడుంది? మునిగిపోకుండా ఉండటం నది నేర్పుతుంది. కానీ మలుపు, ఊపిరి లెక్క, సెకనులో పదో వంతు కోసం పడే పాట్లు నేర్పాలంటే గట్టు మీద స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక మనిషి నిలబడాలి, పక్క వరుసలో తనకంటే వేగంగా ఈదేవారు ఉండాలి. 1951 పశ్చిమ బెంగాల్ రాష్ట్ర పోటీల్లో 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ను 1 నిమిషం 37.6 సెకన్లలో పూర్తిచేసి, బొంబాయి ఈతగత్తె డాలీ నజీర్ పేరిట ఉన్న అఖిల భారత రికార్డును ఆరతి చెరిపేశారు. ఏ శిక్షణా లేని ఈతతో అలాంటి రికార్డులు చెరగవు.

ఒలింపిక్స్ సంగతికి వస్తే, 1952 హెల్సింకి క్రీడలకు మన దేశం నుంచి నలుగురు మహిళలు వెళ్ళారు. ఈతలో ఆరతి, డాలీ నజీర్. పరుగులో నీలిమా ఘోష్, మేరీ డిసౌజా. వారికంటే ఎంతో ముందు, 1924 పారిస్ క్రీడల్లోనే నోరా పాలీ భారతదేశం తరఫున టెన్నిస్ ఆడారు. కనుక ‘తొలి మహిళ’ అన్న మాట చెల్లదు. వయసు కూడా తప్పే: అప్పటికి ఆరతికి 12 నిండలేదు, 11 ఏళ్ళే. జట్టులో అందరికంటే చిన్నది. 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ హీట్స్‌లో, అంటే తొలి దశ పోటీల్లో, ఆమె సమయం 3 నిమిషాల 40.8 సెకన్లు, ఆ విభాగంలో స్వర్ణం గెలిచిన హంగరీ క్రీడాకారిణి ఎవా సెకెయ్‌ది 2 నిమిషాల 51.7 సెకన్లు. ఈ తేడాను దాచవలసిన అవసరం లేదు. తిరిగి వచ్చాక 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సొంత సోదరి భారతి చేతిలోనే ఓడిపోయి, ఇక బ్రెస్ట్‌స్ట్రోక్ మీదే దృష్టి పెట్టడం కూడా ఆమె కథలో భాగమే.

‘తొలి ఆసియా వ్యక్తి’ అన్న గౌరవం ఢాకాకు చెందిన బ్రజేన్ దాస్‌ది. ఆయన 1958 ఆగస్టులో ఛానెల్ దాటారు. అదే ఏడాది సెప్టెంబరు 27న మిహిర్ సేన్ ఈదడంతో తొలి భారతీయుడి స్థానం ఆయనకు దక్కింది. ఆరతి తొలి ఆసియా మహిళ. పైగా, అభినందిస్తూ ఆరతి పంపిన సందేశానికి నువ్వూ ఈదగలవని బదులిచ్చి, మరుసటి ఏడాది జరిగే ఛానెల్ ఈత పోటీకి ఆమె పేరు సూచించినవాడు ఆ బ్రజేన్ దాసే. ఆయన స్థానాన్ని తీసి ఆమెకు కట్టబెట్టడం ఇద్దరికీ గౌరవం కాదు.

ఇక మొదటి ప్రయత్నం. 1959 ఆగస్టు 27న అర్ధరాత్రి దాటాక ఒంటి గంటకు ఫ్రాన్స్‌లోని కేప్ గ్రీ నే నుంచి పోటీ మొదలైంది. ఈతగాడి పక్కనే సాగుతూ దారి చూపే పైలట్ పడవ ఆమెకు సమయానికి రాలేదు. 40 నిమిషాలు ఆలస్యమైంది. ఆరేసి గంటలకు ప్రవాహం దిశ మారే ఆ జలసంధిలో 40 నిమిషాలంటే అనుకూలమైన పోటు చేజారడమే. ఉదయం 11 గంటలకు ఇంగ్లండు తీరం 5 మైళ్ళ దూరంలోకి వచ్చింది. అక్కడ ఎదురు ప్రవాహం పట్టుకుంది. సాయంత్రం 4 దాకా, అంటే ఐదు గంటల పాటు చేతులాడించినా కదిలింది రెండు మైళ్ళే. తాను ఇంకా ఈదుతానన్నా పైలట్ ఒప్పుకోలేదు. సెప్టెంబరు 29న రెండోసారి దిగి, 16 గంటల 20 నిమిషాల తరువాత ఇంగ్లండులోని శాండ్‌గేట్ ఒడ్డు చేరారు. తీరం ఇంకా మూడు మైళ్ళు మిగిలి ఉండగా పైకి లాగబడిన 18 ఏళ్ళ అమ్మాయి, మళ్ళీ నెల తిరిగేసరికి అవే నీళ్ళలోకి దిగడం కంటే గొప్ప విషయం ఏముంది? సందేశం దాన్నే చెరిపేసింది.

డబ్బు విషయంలోనూ సందేశం తప్పే చెబుతోంది. హాట్‌ఖోలా క్లబ్బు సహాయ కార్యదర్శి డాక్టర్ అరుణ్ గుప్తా, విరాళాల కోసం ఆమె ఈత ప్రదర్శనలు ఏర్పాటు చేశారు. 1959 ఏప్రిల్ 13న దేశబంధు పార్కు కొలనులో వేలమంది చూస్తుండగా ఆమె ఎనిమిది గంటలు ఆగకుండా ఈదారు; తరువాత ఏకబిగిన పదహారు గంటలు. అయినా సొమ్ము చాలకపోతే, విషయం ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ దాకా వెళ్ళి 11,000 రూపాయలు మంజూరయ్యాయి. మేనేజరుగా ఆమె వెంట ఇంగ్లండు వెళ్ళింది కూడా అరుణ్ గుప్తానే; రెండో ప్రయత్నానికి ముందు ఆయన జబ్బుపడినా ఆరతి సాధన ఆపలేదు. ఈ సందేశాన్ని ఇకముందు పంపదలచినవారు ‘గురువు గానీ క్లబ్బు గానీ లేకుండా’ అన్న చోట సచిన్ నాగ్ పేరు, హాట్‌ఖోలా పేరు చేర్చి పంపాలని నా మనవి.