కాదనే నోరు లేని చోటికే నాయకుల పరుగు

ఢిల్లీలో సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా బతికున్న రోజుల్లో సుల్తాన్ అల్లావుద్దీన్ ఖిల్జీ ఆయన్ను చూడాలనుకున్నాడట. తన ఇంటికి రెండు తలుపులున్నాయని, సుల్తాన్ ఒకదాంట్లోంచి వస్తే తాను రెండోదాంట్లోంచి వెళ్లిపోతానని ఔలియా కబురు పంపారని సూఫీ సంప్రదాయంలో ఈనాటికీ చెప్పుకుంటారు. దర్బారుకు ఆమడ దూరంలో ఉండటం ఆయన పెట్టుకున్న నియమం. 1325లో కన్నుమూశారు. ఇప్పుడు ఏ పార్టీ నాయకుడైనా ఆయన సమాధి మీద చాదర్ కప్పి, ఫొటో దిగి రావచ్చు. వద్దనడానికి ఆయన లేరు.

ఆశీస్సుల కోసం నాయకులు సమాధుల చుట్టూ తిరగడం మీద నాకున్న అనుమానం ఇదే. భక్తి మీద నాకు ఏ పేచీ లేదు. బిడ్డ జబ్బు నయం కావాలని దర్గాలో దారం కట్టే తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నాయకుడి సంగతి వేరు. ఆయన లోపలికి వెళ్లి ఆశీస్సులు అడుగుతాడు, దొరికేశాయన్నట్టు బయటికొస్తాడు. ఇచ్చారో లేదో చెప్పాల్సిన మనిషి మట్టిలో ఉన్నాడు.

బతికున్న గురువుతో ఇంత సులువుగా కుదరదు. 1977లో ఇజ్రాయెల్ ప్రధాని మెనాఖెం బెగిన్ న్యూయార్క్‌లో యూదు మతగురువు మెనాఖెం మెండెల్ ష్నీర్సన్‌ను కలిశారు. లుబావిచ్ అనే యూదు శాఖకు పెద్ద ఈయన; భక్తులు రెబ్బే, అంటే గురువు, అని పిలిచేవారు. మరుసటి ఏడాది బెగిన్ ఈజిప్టుతో శాంతి కోసం క్యాంప్ డేవిడ్ ఒప్పందం మీద సంతకం చేస్తే, అదే రెబ్బే దాన్ని బాహాటంగా తప్పుబట్టారు. ఆ ఒప్పందం విషయంలో నేను బెగిన్ వైపే ఉంటాను. కానీ ఆశీస్సులిచ్చిన గురువే రేపు నిలదీయవచ్చు కదా, ఆ భయం నాయకుడికి ఉండటం మంచిదే.

1994లో రెబ్బే చనిపోయారు. న్యూయార్క్‌ క్వీన్స్‌లోని శ్మశానంలో ఆయన మామగారి పక్కనే సమాధి చేశారు. భక్తులు తమ కోరికను కాగితం మీద రాసుకొచ్చి, అక్కడ చదువుకుని, చింపి, ఆ ముక్కలు సమాధి దగ్గర వేస్తారు. ఎవరేం కోరుకున్నారో పక్కవాడికి కూడా తెలియదు. ఇంత గుట్టుగా జరిగే ప్రార్థన, నాయకుడు వచ్చేసరికి ప్రపంచమంతా చూసే వార్త అయిపోతుంది. 2024 అక్టోబర్ 7న, ఇజ్రాయెల్ మీద హమాస్ దాడికి ఏడాది నిండిన రోజు, డొనాల్డ్ ట్రంప్ అక్కడికి వెళ్లారు. అప్పటికి ఎన్నికలకు నెల కూడా లేదు. అర్జెంటీనాలో 2023 నవంబర్‌లో అధ్యక్షుడిగా గెలిచిన హావియర్ మిలే, ప్రమాణ స్వీకారానికి ముందే అక్కడ వాలారు. మిలే గెలవకముందు కూడా వెళ్లొచ్చారు, యూదు మతం మీద ఆయనకు నిజంగానే ఆసక్తి ఉంది. ఆయన నమ్మకాన్ని నేను శంకించను. అయినా ఓటరుకు తెలియాల్సింది ధరలు ఎలా దించుతారని. సమాధి దగ్గర ఎంతసేపు నిలబడ్డారన్నది దానికి జవాబు కాదు.

బంగ్లాదేశ్‌లో రెండు ప్రధాన పార్టీలైన అవామీ లీగ్, బీఎన్‌పీ ఎన్నికల ప్రచారాన్ని సిల్హెట్‌లోని షా జలాల్ దర్గా నుంచి మొదలుపెట్టడం చాలా ఏళ్లు ఆనవాయితీగా సాగింది. బద్ధ శత్రువులిద్దరూ ఒకే పీరును గెలిపించమని అడిగేవారు. ఓడినవాళ్లు పీరు తమను కాదన్నాడని ఏనాడూ ఒప్పుకోలేదు.

మన దేశంలో మతం పేరుతో ఓట్లు అడగడాన్ని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షన్ నిషేధించింది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ నిషేధాన్ని ఇంకా విస్తరించింది. చట్టం పట్టుకునేది నాయకుడి మాటను. చాదర్ నెత్తిన పెట్టుకుని నడిచే నాయకుడు ఒక్క మాటా అనడు. ఎవరికి ఏ సందేశం అందాలో మాత్రం అందిపోతుంది.

ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది సెహ్వాన్. పాకిస్తాన్‌లోని సింధ్‌లో సూఫీ గురువు లాల్ షాబాజ్ ఖలందర్ సమాధి ఉన్న ఊరు అది. ఉర్సు వచ్చిందంటే ప్రభుత్వ పెద్దలు చాదర్ కప్పాల్సిందే. దర్గా ప్రభుత్వ ఔకాఫ్ (ధార్మిక ఆస్తుల) శాఖ చేతుల్లోనే ఉంది, కానుకల డబ్బు కూడా. 2017 ఫిబ్రవరి 16న, గురువారం సాయంత్రం ధమాల్ అనే భక్తి నృత్యం కోసం జనం కిక్కిరిసిన వేళ, ఆత్మాహుతి బాంబు పేలి 80 మందికి పైగా చనిపోయారు. అంతమంది క్షతగాత్రులకు వైద్యం చేసే సత్తా ఊళ్లోని ఆసుపత్రికి లేదు. రక్తం ఓడుతున్నవాళ్లను జామ్‌షోరోకు, సింధ్‌లోని హైదరాబాద్‌కు, నవాబ్‌షాకు తరలించాల్సి వచ్చింది. అప్పటి సింధ్ ముఖ్యమంత్రి మురాద్ అలీ షాది ఆ ప్రాంతమే. ఆయన తండ్రి కూడా ముఖ్యమంత్రిగా చేసినవారే.

ఏటేటా అక్కడికి వచ్చిన పెద్దల్లో ఒక్కరైనా ఆ ఆసుపత్రికి వెళ్లి, ఎన్ని పడకలున్నాయి, రాత్రిపూట డాక్టర్ ఉంటాడా, రక్తం నిల్వ ఉందా అని గట్టిగా అడిగి, ఆ లోటు తీర్చి ఉంటే కొందరైనా బతికేవారేమో. దర్గా గుమ్మంలో మైకులు పట్టుకునే విలేకరులు నాయకుణ్ని ఏం కోరుకున్నారని అడగడం మానేసి, ఈ ఊరికి ఏం చేశారని అడగాలి. సమాధిలో ఉన్నాయన ఎలాగూ అడగలేరు.